బాగుందన్న మాట

"చదువు. మళ్లీ చదువు. ఆ ముక్క దగ్గర ఆగి మరీ చదువు," అంది అత్తగారు.

టైలరమ్మ ఉత్తరాన్ని కుట్టుమిషను బల్ల మీద పరిచి, మడతలు పోయేలా అరచేత్తో రుద్దింది. పొద్దున్నుంచి ఇప్పటికి నాలుగుసార్లు చదివింది. చదివిన ప్రతిసారీ ఈసారైనా ఆ ముక్క ఉండదేమో అని పిచ్చి ఆశ. ఉంటూనే ఉంది.

"'ఫోను ద్వారా విచారించగా, తాను బాగున్నట్టు అర్జీదారు స్వయంగా తెలియజేసినందున, పనిచేయలేని కాలానికి ఇస్తున్న భృతిని నిలిపివేయడమైనది. అర్జీదారు వచ్చే సోమవారం విధులకు హాజరు కావలెను. హాజరు కానిచో ఉద్యోగం వదులుకున్నట్టు భావించబడును. అభ్యంతరం ఉన్నచో గురువారం పదకొండు గంటలకు విచారణ మండలి ఎదుట చెప్పుకొనవచ్చును.'"

"స్వయంగా తెలియజేశాడట! విన్నావుట్రా? స్వయంగా!" అత్తగారు కొడుకు వైపు తిరిగింది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు, పెడుతున్న కంచం కూడా వద్దని తోసేశావు కదరా నాయనా."

ఆయన మంచం పట్టె మీద కూర్చుని టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. టీ ఎప్పుడో చల్లారిపోయింది.

"ఎవరండీ ఫోను చేసింది?" అంది టైలరమ్మ.

"ఎవరో. ఆఫీసునించి అన్నారు."

"ఏమన్నారు?"

"బాగున్నారా అన్నారు."

"మీరేమన్నారు?"

ఆయన గ్లాసులోకి చూశాడు. "ఏమంటాం?"

నిజమే మరి, ఏమంటాం? పీకల దాకా మునిగి ఉన్నవాణ్ని బాగున్నావా అని అడిగినా, నోట్లో నీళ్లు ఉమ్మేసి బాగున్నానండీ, మీరు బాగున్నారా అనే అంటాడు. అది జవాబు కాదు, మర్యాద. ఫోను చేసినవాడికీ ఆ సంగతి తెలుసు. తెలిసీ రాసుకున్నాడు. ఆ రాతకి వాడి మీద కోపం రావాలి. కానీ కోపం ఎప్పుడూ ఎదురుగా ఉన్నవాళ్ల మీదే వస్తుంది.

"పోనీ, ఆ తర్వాతైనా చెప్పొచ్చుగా? బాగున్నానండీ గానీ, పనికి వెళ్లలేకపోతున్నానండీ అని ఒక్క ముక్క?"

"పెట్టేశారు."

"పెట్టేసేదాకా మీరు నోరు తెరవలేదు, అది చెప్పండి!"

ఆయన లేచి గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. గ్లాసు కడిగిన చప్పుడు వినిపించింది. అవసరానికి మించి చాలాసేపు కడిగాడు.

టైలరమ్మ పెరట్లోకి కేకేయబోయి ఆగిపోయింది. ఆ ఇంట్లో ఏడు నెలలుగా ఎవరూ ఎవరినీ పక్క గదిలోంచి పిలవరు. చెప్పాల్సింది ఉంటే లేచి వెళ్లి, ఎదురుగా నిలబడి చెప్పాలి. ఎవరూ పెట్టని రూలు అది. దానంతటదే వచ్చి ఇంట్లో కూర్చుంది.

ఎందుకంటే ఆయన లిఫ్టు మెకానిక్. పద్దెనిమిదేళ్ల పని. లిఫ్టు బాగుచేయడానికి ఇద్దరు కావాలి. పైన మెషిన్ గదిలో ఒకరు, అట్టడుగున గుంతలో ఒకరు. పై మనిషి ఆయన. కింది మనిషి బక్కోడు. ఎంత ఇరుకు సందులోనైనా పట్టేవాడు కాబట్టి కంపెనీ అంతా వాణ్ని బక్కోడనే పిలిచేది. మీట నొక్కేముందు పై మనిషి ఆ చీకటి గొట్టంలోకి వంగి "బాగుందా?" అని కేకేయాలి. కింది మనిషి పక్కకి తప్పుకుని "బాగుంది!" అని జవాబివ్వాలి. జవాబు వస్తేనే మీట. మూడుసార్లు పిలిచినా రాకపోతే, అన్ని అంతస్తులూ దిగి వెళ్లి కళ్లారా చూడాలి. అన్నం తిన్నన్ని సార్లు ఆ మాట అనుకున్నారు ఇద్దరూ.

ఏడు నెలల కిందట ఒక మధ్యాహ్నం లిఫ్టు కిందికి దిగింది. బక్కోడు గుంతలోనే ఉన్నాడు.

కంపెనీ విచారణ చేసి రిపోర్టు రాసింది. కింది మనిషి "బాగుంది" అని జవాబిచ్చాడు, ఇచ్చాక మళ్లీ గుంతలోకి వంగాడు, కాబట్టి తప్పు చనిపోయినవాడిదే. కథ కంచికి, మనం ఇంటికి. కింద లిఫ్టు తలుపు పగలదీయడానికి పరిగెత్తుకొచ్చి, ఎడమ భుజం పట్టు తప్పించుకున్న పై మనిషికి మాత్రం, గాయం మానేదాకా భృతి మంజూరైంది.

భుజం మూడు నెలలకే మానింది. మాననిది వేరే ఉంది.

ఒకరోజు టైలరమ్మ స్నానాల గదిలోకి వెళ్తే, ఆయన ఖాళీ నీళ్ల డ్రమ్ములోకి తల వంచి, చెవి పెట్టి వింటున్నాడు. ఏమైందండీ అంటే, ఏం లేదు, చిల్లేమైనా పడిందేమోనని అన్నాడు. చిల్లు చెవితో చూస్తారా ఎవరైనా? అప్పట్నించీ ఆమె ఆ డ్రమ్మును ఖాళీ కానివ్వదు. అర బిందె వాడినా వెంటనే నింపేస్తుంది. మెట్ల కింద ఖాళీ జాగాలో పాత పెట్టెలు కుక్కింది. ఇంట్లో బోలుగా ఉన్నవన్నీ ఒక్కొక్కటే పూడ్చుకుంటూ వచ్చింది. ఏం వినపడుతుందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. అడిగితే చెప్తాడేమోనని భయం.

*

"తప్పు మీదే," అంది కళ్లద్దాలావిడ, మొహమాటం లేకుండా.

కార్మిక సంఘం గదిలో ఓ మూల బల్ల వేసుకుని ఇరవై ఏళ్లుగా అర్జీలు నింపుతుందావిడ. ఆవిడ కళ్లద్దాలు ముక్కు మీద కన్నా నెత్తి మీదే ఎక్కువసేపు ఉంటాయి. ఉత్తరం చదవడానికి దించి, టైలరమ్మను చూడటానికి మళ్లీ ఎత్తింది.

"మాదా?"

"మీవారి అర్జీలో ఏం రాశారు? భుజానికి దెబ్బ. భుజం మానింది. మానిందని డాక్టరు కూడా రాశాడు. ఇంక వాళ్లెందుకిస్తారు, నేనైనా ఇవ్వను."

టైలరమ్మకి చివుక్కుమంది. ఇంతదూరం బస్సులో నిలబడి వచ్చింది ఈ మాట వినడానికా అనిపించింది.

"విను. రెండు రకాలుంటాయి. శరీరంలో ఏ భాగం ఎంత పోయిందో చూసి, ఇంత శాతమని కట్టి ఇచ్చేది ఒకటి. ఉన్న పని చేయలేని కాలానికి ఇచ్చేది ఇంకొకటి. మీది రెండోది. ఇందులో నొప్పి ఎంతుందని అడగరు. ఆ పని చేయగలడా లేడా, లేకపోతే ఎందుకు లేడు, అదీ ప్రశ్న. మనవాళ్లు ఒకళ్లు నొప్పి గురించి గంటసేపు ఏడుస్తారు. ఇంకొకళ్లు సిగ్గుపడి బాగున్నానంటారు. ఇద్దరికీ రాదు."

"ఆయన లిఫ్టు ఉన్న బిల్డింగు గుమ్మం కూడా తొక్కలేరండీ. చెమటలు పట్టేస్తాయి. చేతులు వాటంతటవే కదులుతుంటాయి, మీట నొక్కుతున్నట్టు."

"ఇదిగో, ఇదీ రాయాల్సింది! మనసుకి తగిలినా దెబ్బే. ఫారంలో దానికీ గడి ఉంది. మూడో పేజీ, అడుగున. ఎవరూ నింపరు, పిచ్చంటారేమోనని. మనసు డాక్టరుకి చూపించావా?"

"తీసుకెళ్లానండీ. పావుగంట కూర్చున్నారు."

"ఏం చెప్పాడు?"

టైలరమ్మ తల వంచుకుంది. "బాగున్నానన్నారు."

కళ్లద్దాలావిడ నవ్వాపుకోలేక, నవ్వినందుకు నొచ్చుకుని, బల్ల సొరుగు లాగి మళ్లీ మూసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"గురువారం నేను పక్కన కూర్చుంటాను. కానీ నా మాట చెల్లదు, నీ మాట చెల్లదు. ఆయనే చెప్పాలి. పని ఎందుకు చేయలేనో, ఆయన నోటితో. ఇంకో సంగతి, ఇంటి మనిషి కాని సాక్షి ఒకరు కావాలి. మీవారి సంగతి ముందు నుంచీ తెలిసినవాళ్లు."

"ముందు నుంచీ అంటే..." టైలరమ్మ ఆగిపోయింది. ఆయన్ని తనకన్నా ఎక్కువసేపు చూసిన మనిషి ఒక్కడే. ఆ మనిషి లేడు.

"ఆ పోయినవాడి భార్య ఉందిగా," అంది కళ్లద్దాలావిడ.

బస్సులో తిరిగి వస్తూ టైలరమ్మ ఒక మాట అనుకుంది. చెయ్యే పోయి ఉంటే ఎంత బాగుండేది, చూపించి ఊరుకునేవాళ్లం అనుకుంది. అనుకున్న మరుక్షణం ఒళ్లంతా సిగ్గుతో ముడుచుకుపోయింది. పక్క సీటావిడ, ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగింది.

బాగానే ఉందండీ, అంది టైలరమ్మ.

*

బక్కోడి భార్య ఇస్త్రీ కొట్టు నడుపుతోంది. ఒక బల్ల, ఒక పెట్టె, గోడకి మేకులు, మేకులకి ఊరందరి చొక్కాలు. టైలరమ్మ వెళ్లేసరికి ఎవరిదో ప్యాంటు మీద నీళ్లు చిలకరిస్తోంది.

"రా వదినా. కూర్చో. ఆ మూట పక్కకి తోసెయ్."

టైలరమ్మ కూర్చోలేదు. వచ్చిన పని నిలబడే చెప్పింది. కూర్చుంటే చెప్పలేననిపించింది. బక్కోడి భార్య ఇస్త్రీ ఆపకుండా వింది. ఒక కాలు అయింది, రెండో కాలు అయింది. ప్యాంటు మడతపెట్టి దొంతర మీద పెట్టాక అంది.

"నన్ను సాక్షికి పిలుస్తున్నావా?"

"వేరే ఎవరున్నారు చెల్లీ?"

"మా ఆయన పోయినప్పుడు కాగితం ఒకటి పంపారు. చదివించుకున్నాను. నిర్లక్ష్యం అని రాశారు. జాగ్రత్తంటే ఆయన్ని చూసి నేర్చుకోవాలి. అగ్గిపుల్ల వెలిగించి ఆర్పాక, నీళ్లలో ముంచి గానీ పారేసేవాడు కాదు. అలాంటివాడు బాగుంది అని కేకేసి మళ్లీ గుంతలోకి వంగాడట."

టైలరమ్మ మేకులకున్న చొక్కాల వంక చూసింది. 

"ఆ మాట విన్న మనిషి మీ ఆయనొక్కడే," అంది బక్కోడి భార్య. ఇంకో చొక్కా అందుకుంది. "ఏడు నెలలైంది. అన్నయ్య మా గుమ్మం తొక్కలేదు. మా ఆయన చివరి మాట ఎలా అన్నాడో, నవ్వుతూ అన్నాడా, విసుగ్గా అన్నాడా, అదైనా చెప్తాడేమోనని చూశాను."

"ఆయన ఎవరింటికీ వెళ్లట్లేదు చెల్లీ."

"తెలుసు. అందుకే తప్పు పట్టలేదు." చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె ఆగింది. వాసన వచ్చేదాకా ఆగింది. గబుక్కున ఎత్తి, "చూశావా, మాటల్లో పడితే ఇంతే," అంది. "చూస్తాను వదినా. వస్తానో రానో చెప్పలేను."

*

వస్తానని చెప్పడానికి బక్కోడి భార్య బుధవారం పొద్దున్నే వచ్చింది. చేతిలో టైలరమ్మతో ఫాల్సు కుట్టించాల్సిన చీర ఒకటి, రావడానికి వంకగా.

ఆయన అప్పుడే స్నానం చేసి వస్తున్నాడు. ఆమెను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"బాగున్నావా అన్నయ్యా?" అంది ఆమె.

ఆయన పెదాలు కదిలాయి. మాట రాలేదు. ఏడు నెలల్లో ఆ ప్రశ్నకి ఆయన జవాబివ్వకపోవడం టైలరమ్మ చూడటం అదే మొదటిసారి.

అంతలో వంటగదిలోంచి అత్తగారు తిట్టుకుంటూ వచ్చి పడింది.

"పంపు కట్టెయ్యకుండా వదిలేసిందెవరు? నీళ్లన్నీ కాలవపాలు!"

"నేను కాదు," అన్నాడాయన చటుక్కున. ఎడమ భుజం పట్టుకున్నాడు, నొప్పి వచ్చినట్టు.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట!" అంది అత్తగారు. బక్కోడి భార్య నవ్వేసింది. టైలరమ్మా నవ్వింది. ఎన్నాళ్లకో ఆ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు ఒకేసారి నవ్వారు.

ఆయన నవ్వలేదు. చెయ్యి భుజం మీంచి తీసి, ఆ చెయ్యి ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"రేపు నేనొస్తాను," అంది బక్కోడి భార్య, ఆయన్నే చూస్తూ. "మా ఆయన పేరు ఎటూ పోయింది. నువ్వైనా నిలబడు అన్నయ్యా."

ఆమె వెళ్లిపోయాక ఆయన చాలాసేపు గుమ్మం దగ్గరే ఉన్నాడు.

మధ్యాహ్నం టైలరమ్మ పంతం పట్టింది. రేపు అక్కడ నోరు తెరవాలంటే ఇవాళ ఇక్కడ తెరవాలి. మెడలో కొలతల టేపుతోనే కుర్చీలో కూర్చుని ఆఫీసరైంది. అత్తగారు మంచం మీంచే డాక్టరైంది.

"నేను ఆఫీసర్ని. లోపలికి వచ్చారు. కూర్చున్నారు. బాగున్నారా?"

"బాగుంది."

"ఏవండీ!"

"సరే, మళ్లీ అడుగు."

"బాగున్నారా?"

"బాగుంది."

"వీడికి మాటలు నేర్పినదాన్ని నేను. తప్పు నాదే," అంది డాక్టరుగారు.

మూడోసారి అడగకుండా టైలరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆఫీసరు గొంతు వదిలేసింది.

"బాగున్నారా అంటే బాగున్నాను అనాలి కదా. బాగుంది అంటారేంటి? ఏం అంటున్నారో మీకే తెలియట్లేదా?"

"నేను అనట్లేదు," అన్నాడు. "వస్తోంది."

"ఎక్కణ్నించి?"

ఆయన గొంతు దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"డ్రమ్ములోంచి వినపడేది కూడా ఇదేనా?" ఏడు నెలలుగా అడగనిది అడిగేసింది. 

"నీకు తెలుసా?"

"చిల్లు చెవితో చూస్తారా ఎవరైనా?"

ఆయన నవ్వబోయాడు. కుదరలేదు. "మొదట్లో వాడే అనుకున్నాను. మెట్ల కిందనించి, డ్రమ్ములోంచి, వాడే పిలుస్తున్నాడని. భయం వేసేది కాదు. వాడికి నేనంటే కోపం లేదనుకునేవాణ్ని. కోపం ఉంటే బాగుంది అని ఎందుకంటాడు?"

"మరి?"

"ఈమధ్య సరిగ్గా వింటున్నాను."

"వింటే?"

"వాడి గొంతు సన్నగా ఉంటుంది. చివర కొంచెం సాగదీస్తాడు. బాగుందీ అని." ఆయన లేచి నిలబడ్డాడు. "ఇది సాగదీయట్లేదు."

అత్తగారు కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకుంది. ఆవిడ నిద్రపోతే గురక పెడుతుంది. గురక లేదు.

టైలరమ్మ ఇంకా అడగాల్సింది. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే రేపటి రోజు ఇంకోలా ఉండేదేమో. కానీ తెలుసుకోవడం కన్నా తెలియకపోవడమే సుఖమనిపించే ఘడియలుంటాయి మనిషికి. ఆమె టేపు మెడలోంచి తీసి చుట్టడం మొదలుపెట్టింది. ఆయన పెరట్లోకి వెళ్లిపోయాడు.

*

విచారణ మండలి నాలుగో అంతస్తులో కూర్చుంటుంది. గుమ్మం ఎదురుగానే లిఫ్టు. దాని తలుపులు తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఆయన గోడవైపు మొహం పెట్టుకుని మెట్లెక్కాడు. కళ్లద్దాలావిడ మోకాళ్లు పట్టుకుని ఎక్కింది. బక్కోడి భార్య అందరికన్నా వెనకాల, ఒక్కో మెట్టే ఎక్కింది. టైలరమ్మకి ఆ మెట్లు ఎన్నున్నాయో తెలియదు గానీ, ప్రతి మెట్టు మీదా ఒకటే కోరుకుంది. ఈయన నోరు తెరిస్తే చాలు, ఏం చెప్పినా సరే.

ఏం చెప్పినా సరే అని కోరుకోకూడదు. కోరికకి హద్దుండాలి.

లోపల బల్ల వెనక ముగ్గురు. మధ్యలో పెద్దాఫీసరు, మంచి మనిషిలాగే ఉన్నాడు. ఒకపక్క డాక్టరు. ఇంకోపక్క మాటలన్నీ టైపు చేసే గుమాస్తా, వేళ్లు మీటల మీద పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. సాక్షి వెనక బల్ల మీద కూర్చోవాలన్నారు. బక్కోడి భార్య అక్కడ కూర్చుంది.

"రండి, కూర్చోండి. బాగున్నారా?" అన్నాడు పెద్దాఫీసరు. పాపం, మర్యాదకే అన్నాడు.

 కళ్లద్దాలావిడ అద్దాలు దించింది.

"లేనండీ," అన్నాడాయన. "బాగాలేను."

గుమాస్తా వేళ్లు కదిలాయి. టకటకమని ఆ మాట కాగితమెక్కింది. టైలరమ్మకి ఏడుపొచ్చేసింది. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గెలిచేశామనుకుంది పిచ్చిది.

డాక్టరు లేచి వచ్చి భుజం పట్టి చూశాడు. చెయ్యి ఎత్తమన్నాడు. ఎత్తాడు. వెనక్కి తిప్పమన్నాడు. తిప్పాడు.

"భుజంలో ఏం లేదే. పనికేం అడ్డం?"

"పిలవలేనండీ."

"అంటే?"

ఆయన చెప్పాడు. పై మనిషి, కింది మనిషి, బాగుందా, బాగుంది, మీట. ఇంట్లో ఏడు నెలల్లో మాట్లాడనన్ని మాటలు అక్కడ మాట్లాడాడు. పెద్దాఫీసరు ముందుకు వంగి విన్నాడు.

"ఆ రోజు పిలిచారు. జవాబొచ్చింది. కింది మనిషి మళ్లీ గుంతలోకి వంగాడు. ఇందులో మీ తప్పేముంది? రిపోర్టులో ఉందిగా."

"రిపోర్టులో ఉందండీ."

"అలా జరగలేదా?"

టైలరమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఎందుకు వేసిందో ఆ క్షణానికి ఆమెకే తెలియదు. చెప్పమనా, ఆపమనా?

"ఒకసారి పిలిచానండీ. రాలేదు. రెండోసారి పిలిచాను. రాలేదు. పద్దెనిమిదేళ్లలో ఒక్కరోజు రాకుండా లేదు. వాడెక్కడికి పోతాడు, వస్తుందిలే అనుకున్నాను. కింద బిల్డింగువాళ్లు తొందరపెడుతున్నారు. మూడోసారి పిలిచాను."

గదిలో టైపు చప్పుడొక్కటే.

"దిగి చూడాలండీ అప్పుడు. తొమ్మిది అంతస్తులు. రోజూ వినే మాట కదా, చెవిలో ఉంటుంది కదా. నేనే అన్నాను. బాగుంది అని. నా నోటితో, నాకు నేనే. విన్నాను. విని నొక్కాను."

టైపు చప్పుడు ఆగిపోయింది.

"వాడు అనలేదండీ," అన్నాడాయన. "నేనే అన్నాను. విచారణలో జవాబొచ్చిందా అని అడిగారు. వచ్చిందన్నాను. ఎవరిదని అడగలేదు."

కళ్లద్దాలావిడ అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇరవై ఏళ్లలో ఆవిడ నింపిన ఏ గడిలోనూ పట్టే మాట కాదది.

 పెద్దాఫీసరు గుమాస్తా వైపు చెయ్యి ఎత్తి, ఇంకా రాయొద్దన్నాడు.

"చూడండి. ఇది రాస్తే, మీరు ఆ పని చేయలేరని నమ్మడానికి నాకు ఇంకే కాగితం అక్కర్లేదు. భృతి వస్తుంది. కానీ ఇది ఈ గదిలో ఆగదు. కంపెనీకి వెళ్తుంది, ఇంకా పైకి వెళ్తుంది. అక్కడ అడిగేవాళ్లు నాలా అడగరు. రాయకపోతే, మీరు చెప్పినదాంట్లో మిగిలేది మానిన భుజం ఒక్కటే. సోమవారం పనిలోకి వెళ్లాలి." పెద్దాఫీసరు భార్యాభర్తలిద్దరినీ మార్చి మార్చి చూశాడు. "రాయమంటారా, వద్దా?"

పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు. దాటిన మాటను ఇంకా గుమ్మం దగ్గరే ఆపి పట్టుకునే వీలు ఉందని చెప్తున్నాడు ఈ మంచి మనిషి. టైలరమ్మ భర్త ఆమె వైపు తిరిగాడు. ఏడు నెలల తర్వాత మొదటిసారి ఆయన మొహంలో భయం లేదు. చెప్పేశాను, ఇక నీ ఇష్టం అన్నట్టుంది ఆ చూపు.

ఆమెకి ముందు వచ్చిన ఆలోచన, వద్దనెయ్. ఆ ఆలోచన రావడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. వద్దంటే ఇంటికి వెళ్లొచ్చు. ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. సోమవారం ఆయన ఆ గొట్టంలోకి వంగి మళ్లీ పిలవాలి, కొత్త కింది మనిషిని. ఆ కింది మనిషికీ ఓ ఇల్లు ఉంటుంది.

ఆమె నోరు తెరిచింది. వెనక బల్ల కిర్రుమంది.

టైలరమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. చెప్పుల చప్పుడు మెల్లగా ముందుకొచ్చి, ఆయన కుర్చీ పక్కనే ఆగింది.

"రాయండి," అంది బక్కోడి భార్య.  "మా ఆయన ఆ మాట అనలేదని రాయండి. రాయడం అయ్యాక నన్ను పిలవండి. నేను చెప్పడానికొచ్చిన సాక్ష్యం ఇంకా మిగిలే ఉంది."